కోర్టు చూడమంది, తలుపు తెరుచుకోలేదు



ఆలుమగలు విడిపోయాక పిల్లలు ఎవరో ఒకరి దగ్గరే పెరుగుతారు. రెండోవారికి కోర్టువారు కొంత వీలు కల్పిస్తారు. నెలలో ఫలానా ఆదివారాలు ఉదయం పది గంటల నుంచి సాయంత్రం అయిదు దాకా బిడ్డని తీసుకెళ్ళవచ్చు, వేసవి సెలవుల్లో ఇన్ని రోజులు దగ్గర వుంచుకోవచ్చు, పుట్టినరోజున చూడవచ్చు అని ఆర్డరు రాస్తారు. వకీళ్ళు దాన్ని విజిటేషన్ అంటారు. మన మాటల్లో చెప్పుకోవాలంటే బిడ్డను చూసే హక్కు. ఆ కాగితం మీద ముద్ర పడుతుంది, సంతకం పడుతుంది. ఆదివారమూ వస్తుంది. కొత్త గౌనో, క్రికెట్ బ్యాటో కొనుక్కుని వెళితే గుమ్మానికి తాళం వేసి వుంటుంది. లేదా లోపల్నుంచి "జ్వరమండీ, పడుకుంది" అని వినిపిస్తుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదంటారే, అదీ సంగతి.

అప్పుడేం చెయ్యాలి? ఇది మొన్న మొన్న పుట్టిన ప్రశ్న అనుకుంటాం గాని, దీనికి దాదాపు రెండు వందల ఏళ్ళ చరిత్ర వుంది. ఆ చరిత్ర ఇంగ్లండులో మొదలవుతుంది. మన కోర్టుల్లో పిల్లల సంరక్షణ వ్యవహారాలు చూసే గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టాన్ని 1890లో చేసినది ఆ ఇంగ్లీషువాళ్ళే కాబట్టి, వాళ్ళ కోర్టుల సంగతి కొంత తెలుసుకోక తప్పదు. పైగా బిడ్డ కోసం అక్కడ కోర్టుల చుట్టూ తిరిగిన ఒక తల్లి, తరువాత మన మద్రాసుకే వచ్చి, మదనపల్లెలో పుట్టిన ఒక పిల్లవాడి విషయంలో ఇలాంటి వ్యాజ్యంలోనే ప్రతివాదిగా నిలబడింది. ఆవిడ దగ్గరికి కాసేపట్లో వస్తాను.

అప్పటి ఇంగ్లండు న్యాయంలో బిడ్డ తండ్రిది. అంతే. తల్లికి గౌరవ మర్యాదలు దక్కుతాయిగాని అధికారమేమీ లేదని బ్లాక్‌స్టన్ అనే న్యాయశాస్త్ర పండితుడు గ్రంథంలోనే రాసిపెట్టాడు. 1804లో ఒక తండ్రి, తల్లి పాలు తాగుతున్న ఎనిమిది నెలల చంటిబిడ్డని లాక్కుపోయాడు. తల్లి కోర్టుకెక్కింది. తండ్రికి ఆ హక్కు వుందన్నారు జడ్జీలు. 1836లో మరో ఇల్లాలు, తప్పు నడత మొగుడిదని తెలిసీ, ఆరేళ్ళు నిండని ముగ్గురు ఆడపిల్లల్ని అతనికే అప్పజెప్పవలసి వస్తే, అది భరించలేక పిల్లల్ని తీసుకుని దేశం విడిచి వెళ్ళిపోయింది. బిడ్డల్ని చూసే హక్కు అనే మాటే అప్పటికి చట్టంలో లేదు. లేని హక్కుని ధిక్కరించటమేమిటి?

ఆ మాట చట్టంలోకి ఎక్కించిన ఆవిడ పేరు కెరొలిన్ నార్టన్. 1808లో పుట్టింది. నాటకకర్త షెరిడన్ మనవరాలు. కవిత్వమూ నవలలూ రాసేది, చక్కని మాటకారి. 1827లో జార్జి నార్టన్ అనే బారిస్టరుకిచ్చి పెళ్ళి చేశారు. పార్లమెంటు మెంబరు, పెద్దింటివాడు, కాని సంపాదన అంతంతమాత్రం, చెయ్యి చేసుకునే అలవాటు మాత్రం పుష్కలం. ముగ్గురు మగపిల్లలు పుట్టారు: ఫ్లెచర్, బ్రిన్‌స్లీ, విలియం. 1836లో ఈస్టరు పండగకి పిల్లల్ని తీసుకుని పుట్టింటివాళ్ళ దగ్గరికి వెళదామని ఆవిడ ప్రయాణం కడుతుంటే, భర్త ఆ పిల్లల్ని ఆవిడకి తెలియకుండా ఇల్లు దాటించేశాడు. ఎక్కడున్నారో చెప్పలేదు.

అంతటితో ఊరుకోలేదు. అప్పటి ప్రధానమంత్రి మెల్బోర్న్ ప్రభువుతో తన భార్యకి సంబంధం వుందని, తనకి పదివేల పౌన్లు నష్టపరిహారం ఇప్పించాలని దావా వేశాడు. ఆ దావాలో భార్య కక్షిదారు కాదు, ఆవిడ నోరు విప్పి సాక్ష్యం చెప్పటానికి కూడా వీల్లేదు. తన పరువు గురించి ఇద్దరు మగవాళ్ళు కోర్టులో తేల్చుకుంటుంటే ఆవిడ ఇంట్లో కూర్చోవాలి. జూన్‌లో విచారణ జరిగింది. జ్యూరీవారు కూర్చున్న చోటు నుంచి లేవకుండానే దావా కొట్టేశారు. కెరొలిన్ నిర్దోషి అని లోకానికి తెలిసిపోయింది. అయితే ఏమిటి లాభం? పిల్లలు మాత్రం రాలేదు. నిర్దోషి అయిన తల్లికైనా సరే, తండ్రి వద్దంటే బిడ్డ మొహం చూపించమని ఆజ్ఞాపించే అధికారం ఏ జడ్జీకీ లేదు.

ఇక్కడే ఆవిడ గొప్పతనం కనపడుతుంది నాకు. ఏడుస్తూ కూర్చోకుండా కలం పట్టింది. ఆడపేరుతో రాస్తే ఎవరూ పట్టించుకోరని పియర్స్ స్టీవెన్‌సన్ అని మగపేరు పెట్టుకుని కూడా ఒక పుస్తకం అచ్చువేసింది. టాల్ఫర్డ్ అనే న్యాయవాది పార్లమెంటులో బిల్లు పెట్టాడు. 1838లో కామన్సు సభ ఒప్పుకుంటే లార్డుల సభ తోసిపుచ్చింది. మళ్ళీ పెట్టారు, 1839లో చట్టమయింది. ఏడేళ్ళ లోపు పిల్లల్ని తన దగ్గర వుంచమని, అంతకు పెద్దపిల్లలైతే చూసే వీలు కల్పించమని తల్లి కోర్టుని అడుక్కోవచ్చు. అడుక్కోవచ్చునని మాత్రమే సుమండీ. ఇవ్వటం మానటం జడ్జీ ఇష్టం. నడత చెడినదని తేలిన తల్లికైతే అదీ లేదు. తండ్రి నడత గురించి చట్టం ఒక్క ముక్కా అనలేదు.

మరి కెరొలిన్‌కి పిల్లలు కనిపించారా? లేదు. జార్జి నార్టన్ పిల్లల్ని స్కాట్లండులో తన అక్కచెల్లెళ్ళ దగ్గర వుంచాడు. ఈ కొత్త చట్టం ఇంగ్లండు కోర్టులకేగాని స్కాట్లండుకి వర్తించదు. తాను దేశమంతటా పోట్లాడి తెచ్చుకున్న చట్టం సరిహద్దు దగ్గర ఆగిపోయింది. 1842లో చిన్నవాడు విలియం పోనీ గుర్రం మీంచి పడ్డాడు. గాయం చిన్నదే. సరిగ్గా కనిపెట్టి చూసేవాళ్ళు లేక విషమించింది. తల్లికి కబురు వెళ్ళి, ఆవిడ వచ్చేసరికి పిల్లవాడు లేడు.  ఆ చావు తరవాత తండ్రి కాస్త మెత్తబడి, మిగిలిన ఇద్దరినీ తల్లి దగ్గరికి పంపటం మొదలుపెట్టాడు. కోర్టు చేయలేని పని ఆ చావు చేసింది.

ఇప్పుడు రెండో ఆవిడ సంగతి. అనీబిసెంట్ అంటే మనకి తెల్లచీర కట్టిన ముసలమ్మ, హోమ్‌రూలు ఉద్యమం, 1917లో కాంగ్రెసు అధ్యక్షురాలు, మదనపల్లెలో బి.టి. కాలేజీ, ఇవే గుర్తొస్తాయి. అంతకు చాలాముందు ఆవిడ ఒక పాస్టరు భార్య, ఇద్దరు పిల్లల తల్లి. 1867లో ఇరవై ఏళ్ళకి పెళ్ళయింది. కొడుకు డిగ్బీ, కూతురు మేబెల్. మతవిశ్వాసం సడలి, భర్త చెప్పినట్టు చర్చిలో ప్రసాదం తీసుకోనన్నందుకు ఇల్లు విడిచి పెట్టవలసి వచ్చింది. 1873లో పెద్దమనుషుల సమక్షంలో విడిగా వుండే ఒప్పంద పత్రం రాసుకున్నారు. కొడుకు తండ్రి దగ్గర, కూతురు తల్లి దగ్గర. సరిగ్గా ఆ ఏడే ఇంగ్లండులో చట్టం కొంచెం మారి, పిల్లల గురించి అలాంటి పత్రాల్లో రాసుకున్న షరతులు చెల్లుతాయంది. అయితే బిడ్డ మేలుకి విరుద్ధం కాకపోతేనే, అని తోక తగిలించింది.

ఆ తోకే ఆవిడ మెడకి ఉరి అయింది. 1877లో ఆవిడా, బ్రాడ్‌లా అనే ఆయనా కలిసి కుటుంబనియంత్రణ గురించిన ఒక చిన్నపుస్తకం అచ్చువేసి కోర్టుపాలయ్యారు. ఇదే అదనని భర్త పిటిషను పెట్టాడు. 1878లో సర్ జార్జి జెస్సెల్ అనే జడ్జీ, దేవుడు లేడనే తల్లి దగ్గర, అటువంటి పుస్తకం వేసిన తల్లి దగ్గర ఆడపిల్ల పెరగటం మంచిది కాదని తీర్పు చెప్పాడు. ఎనిమిదేళ్ళయినా నిండని మేబెల్ అప్పుడే స్కార్లెట్ జ్వరం నుంచి లేచి నీరసంగా వుంది. మనిషి వచ్చి, అరుస్తూ పెనుగులాడుతున్న పిల్లని ఎత్తుకుపోయాడని ఆవిడ తన ఆత్మకథలో రాసుకుంది.

ఆ తరవాత జరిగినదే మన విషయం. కూతుర్ని చూడనివ్వలేదు. ఆవిడకి ఎంత తెగింపు వచ్చిందంటే, నా పిల్లల్ని చూడనివ్వకపోతే దాంపత్య హక్కుల పునరుద్ధరణకి దావా వేస్తానని నోటీసు ఇచ్చింది. అంటే ఏ భర్త ఇంటి నుంచి బయటపడిందో ఆ ఇంట్లోకే మళ్ళీ వెళతానని! కాపురం కోసం కాదు, పిల్లల్ని చూడటం కోసం. కోర్టు ఏమందో వింటే మీరు నవ్వుతారో ఏడుస్తారో. 1873 నాటి ఒప్పంద పత్రం వుందిగదా, దాని ప్రకారం నువ్వు భర్త మీద ఏ దావా వెయ్యటానికీ వీల్లేదంది. మరి అదే పత్రంలో కూతురు నా దగ్గర వుండాలని రాసివుందే అంటే, ఆ ముక్క చెల్లదంది. ఒకే కాగితం, మగవాడికి పనికొచ్చే వాక్యం బతికింది, ఆడదానికి పనికొచ్చే వాక్యం చచ్చింది. 1879లో అప్పీలు కోర్టు కూడా కూతురు తండ్రి దగ్గరేనంది.

చివరికి పిల్లల్ని కలుసుకునే వీలు కోర్టు ద్వారా దొరికింది. దొరికితే ఏం? ప్రతి కలయికా ఒక రభస. వచ్చి వెళ్ళిన ప్రతిసారీ పిల్లలు బెంగపెట్టుకుని నలిగిపోతున్నారు. పిల్లలు పెద్దవాళ్ళయి తమంతట తాము అర్థం చేసుకునేదాకా చూడను, ఉత్తరం రాయను అని ఆవిడ నిశ్చయించుకుంది. హక్కు వుండి వదులుకుంది. ఇది సరైనదేనా అని నేను చాలాసార్లు ఆలోచించాను. పిల్లల బెంగ చూడలేక వెనక్కి తగ్గటం తల్లి చేసే పనే. కాని అడ్డుపడినవాళ్ళకి కావలసిందీ అదే. విసిగి వేసారి తనంతట తనే రావటం మానేస్తే వాళ్ళు ఏ ఆర్డరునీ ధిక్కరించినట్టు కాదుగదా. అనీబిసెంట్ విషయంలో కథ మంచిగానే ముగిసింది. పెద్దయ్యాక కొడుకూ కూతురూ ఇద్దరూ తల్లి దగ్గరికి వచ్చేశారు. అందరి విషయంలో అలా జరగదు. పదేళ్ళు చూడని తండ్రినో తల్లినో, ఎందుకు రాలేదని పిల్లలు లోపల్లోపల అడుగుతూనే వుంటారు. వాళ్ళకి సమాధానం చెప్పేది ఎవరు? రానివ్వనివాళ్ళే.

అనీబిసెంట్ 1893లో మన దేశానికి వచ్చింది. 1907లో దివ్యజ్ఞాన సమాజానికి అధ్యక్షురాలయింది. 1909లో నారాయణయ్యగారని ఒక తెలుగాయన, రెవిన్యూ శాఖలో పనిచేసి రిటైరయిన మనిషి, భార్యపోయినవారు, పిల్లల్ని తీసుకుని అడయారులో సమాజంవారి దగ్గరికి చేరారు. ఆయన కొడుకుల్లో ఒకడు మదనపల్లెలో 1895లో పుట్టిన కృష్ణమూర్తి. అవును, తరవాత లోకమంతా పేరు పొందిన జిడ్డు కృష్ణమూర్తిగారే. రెండోవాడు నిత్యానంద. ఈ పిల్లవాడు జగద్గురువు కాబోతున్నాడని సమాజంలోని పెద్దలు నమ్మారు. 1910 మార్చిలో నారాయణయ్యగారు, పిల్లలిద్దరికీ అనీబిసెంట్‌ని సంరక్షకురాలిగా ఒప్పుకుంటూ కాగితం రాసిచ్చారు. ఆవిడ వాళ్ళని చదువుకని ఇంగ్లండు తీసుకెళ్ళింది.

తరవాత తండ్రికి మనసు విరిగింది. పిల్లల్ని తీర్చిదిద్దుతున్న లెడ్‌బీటర్ అనే దొర దగ్గర వాళ్ళుండటం ఆయనకి సమ్మతం కాలేదు. తిరిగి ఇమ్మన్నాడు. ఆవిడ ఇవ్వనంది. 1912లో చెంగల్పట్టు కోర్టులో వ్యాజ్యం వేశాడు, అక్కణ్ణుంచి అది మద్రాసు హైకోర్టుకి వెళ్ళింది. తండ్రి తరపున వాదించింది సి.పి. రామస్వామి అయ్యరుగారు. అనీబిసెంట్ వకీలుని పెట్టుకోకుండా తనే వాదించుకుంది. ఎంత అనుభవమో చూడండి, లండను కోర్టులో బిడ్డ కోసం నిలబడిన మనిషి ముప్ఫై అయిదేళ్ళ తరవాత, మరొకరి బిడ్డల్ని ఇవ్వనని మద్రాసు కోర్టులో నిలబడింది! తరవాత హోమ్‌రూలు ఉద్యమంలో ఆ రామస్వామి అయ్యరుగారే ఆవిడకి కుడిభుజం అయ్యారు, అది వేరే సంగతి.

1913 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. పిల్లల్ని మే నెలాఖరులోగా తండ్రికి అప్పజెప్పమంది కోర్టు. ఆ ఏడే అప్పీలూ పోయింది. మరి పిల్లలు వచ్చారా? వాళ్ళు సముద్రాల అవతల ఇంగ్లండులో వున్నారు. మద్రాసు హైకోర్టు చెయ్యి అక్కడికి చాపితే అందుతుందా? కెరొలిన్ పిల్లలు స్కాట్లండులో వున్నట్టే. అనీబిసెంట్ ప్రీవీ కౌన్సిలుకి వెళ్ళింది. 1914 మేలో అక్కడ తీర్పు తిరగబడింది. అందులో మూడు మాటలు మనకి ఇప్పటికీ పనికొస్తాయి. తండ్రి సంరక్షణ కాగితం రాసిచ్చినంతమాత్రాన అది శాశ్వతం కాదు, వెనక్కి తీసుకోవచ్చు. పిల్లలు మామూలుగా ఎక్కడ నివసిస్తున్నారో ఆ ప్రాంతపు కోర్టులోనే దరఖాస్తు వెయ్యాలి, చెంగల్పట్టు కోర్టుకి ఆ అధికారం లేదు. ఇక మూడోది, అంత వయసొచ్చిన పిల్లలు ఏం కోరుకుంటున్నారో ఎవరూ అడగలేదే! మొదటి మాట నారాయణయ్యగారికి అనుకూలమే. కాని రెండో మాటతో ఆయన దావాయే పోయింది. కోర్టు ఇమ్మంది, పిల్లలు చేతికి రాలేదు, చివరికి ఆ కోర్టే సరైన కోర్టు కాదని తేలింది. ఆ తండ్రి మీద నాకు జాలి. కాగితం రాసేముందు ఆలోచించుకోవలసిందని అనేవాళ్ళున్నారు. అయినా తల్లిలేని పిల్లల్ని చదువుకోసం పంపిన తండ్రి అంత దూరం ఆలోచిస్తాడా?

స్వాతంత్ర్యం వచ్చాక మన చట్టాలు మారాయి. 1955 హిందూ వివాహ చట్టంలో, విడాకుల కేసు నడుస్తుండగానూ, అయ్యాకానూ పిల్లల గురించి ఆర్డర్లు ఇచ్చే, మార్చే అధికారం కోర్టుకి పెట్టారు. 1956 చట్టం బిడ్డ క్షేమమే ముఖ్యమంది. పిల్లలు ఆస్తీ కాదు, తల్లిదండ్రుల ఆటబొమ్మలూ కాదని 1973లో సుప్రీంకోర్టు అన్నది. 1984 చట్టంతో ఫ్యామిలీ కోర్టులు వచ్చాయి. 1999లో రచయిత్రి గీతా హరిహరన్ వేసిన కేసులో తల్లి కూడా సహజ సంరక్షకురాలేనని తేలింది. 2020లో సుప్రీంకోర్టు ఇంకో మాటంది. తల్లీ తండ్రీ ఇద్దరి ప్రేమా పొందటం బిడ్డ హక్కు, ఎదురుగా చూడలేనివాళ్ళు ఫోన్లో బొమ్మ చూస్తూ మాట్లాడుకునే వీలైనా వుండాలి అని. నూటఎనభై ఏళ్ళ కిందట తల్లి అడుక్కోవలసిన విషయం ఇప్పుడు బిడ్డ హక్కయింది. ఈ మార్పు చిన్నది కాదు.

హక్కు సరే, తలుపు తెరవనివాళ్ళ సంగతేమిటి? నేను వకీలుని కాను. తెలిసినవారిని అడిగి, చదివి తెలుసుకున్నది చెబుతున్నాను.

మా వీధిలో ఒకావిడ వుండేది. కూతురు విడాకులు తీసుకుని మనవరాలితో పుట్టింటికి వచ్చింది. రెండో ఆదివారం అల్లుడు వచ్చేవేళకి ఈవిడ పిల్లకి స్వెట్టరు తొడిగి, నుదుటికి అమృతాంజనం రాసి పడుకోబెట్టేది. "పిల్లకి జ్వరం" అనేది. నాలుగు ఆదివారాలు అలా గడిచాయి. అయిదో ఆదివారం ఆ పిల్లే, నాన్న రాకముందే, "అమ్మమ్మా, ఇవాళ నాకు జ్వరమా?" అని అడిగింది. అల్లుడు మంచివాడని నేననను. ఆ పిల్ల నోట ఆ మాట వినటం మాత్రం నాకు బాధేసింది.

అలా అడ్డుపడినప్పుడు, అవతలివారు మొదట చేయవలసింది తగువు కాదు, తారీఖు రాసుకోవటం. ఏ రోజున ఎన్ని గంటలకి వెళ్ళారు, ఎవరు తలుపు తీశారు, ఏమన్నారు. ఫోన్లో వచ్చిన సందేశాలు చెరపకుండా వుంచుకోవాలి. ఒకసారి నిజంగానే జ్వరం వస్తుంది. నాలుగుసార్లు వరసగా రెండో ఆదివారమే జ్వరం వచ్చిందంటే జడ్జీకి వేరే చెప్పనక్కరలేదు. ఒక వకీలు నోటీసుతోనే దారికొచ్చేవాళ్ళూ వున్నారు. రాకపోతే ఆర్డరు ఇచ్చిన కోర్టులోనే దాన్ని అమలు చేయించమని పిటిషను వెయ్యాలి. కావాలని ధిక్కరించినవారి ఆస్తి జప్తు చెయ్యటానికి, సివిల్ జైల్లో పెట్టటానికి సివిల్ ప్రొసీజర్ కోడులో దారి వుంది. 1890 చట్టంలోనే, బిడ్డని హాజరుపరచమన్నా పరచనివారికి వంద రూపాయల జుర్మానా, ఇంకా మొండికేస్తే రోజుకి పదేసి చొప్పున మొత్తం అయిదు వందలదాకా, పైగా బిడ్డని తెస్తానని ఒప్పుకునేదాకా సివిల్ జైలు అని రాశారు. ఆ రోజుల్లో వందంటే గుండె ఝల్లుమనేది. ఇవాళ ఆ మొత్తానికి ఎవరూ బెదరరు, జైలు మాటకి మాత్రం ఇప్పటికీ బెదురుతారు.

1971 నాటి కోర్టు ధిక్కార చట్టం ఇంకోటి. ఆరు నెలలదాకా శిక్ష, రెండువేలదాకా జుర్మానా. దీనికి గడువుంది, ధిక్కారం జరిగిన ఏడాది లోపల మొదలుపెట్టాలి. వకీళ్ళు ఇది మొదటే వేద్దామంటే తొందరపడకండి. బిడ్డ తల్లినో తండ్రినో జైలుకి పంపటానికి జడ్జీలకి చెయ్యి రాదు. రేపు ఆ బిడ్డ, అమ్మని జైలుకి పంపింది నాన్నేనని మనసులో పెట్టుకుంటే, గెలిచిన ఆదివారాలు ఏం చేసుకుంటారు? అంతకంటే ఆర్డరునే మార్చమని అడగటం చాలాసార్లు మేలు చేస్తుంది. ఇంటి గుమ్మం దగ్గర గొడవలవుతుంటే బిడ్డని ఫ్యామిలీ కోర్టులో పిల్లల గదిలోనో, కౌన్సిలరు ఎదురుగానో, బడి దగ్గరో అప్పజెప్పమనవచ్చు. పోయిన ఆదివారాలకి బదులు సెలవుల్లో ఎక్కువ రోజులు ఇమ్మనవచ్చు. మొండితనం హద్దు మీరితే, బిడ్డని రెండోవారికి దూరం చేస్తున్నారన్న కారణంతోనే సంరక్షణని మార్చమని కూడా అడగవచ్చు. కోర్టు ఆ విషయాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. బిడ్డ ఎక్కడుందో కూడా తెలియకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్ వుండనే వుంది.

ఇంగ్లండులోనూ ఈ తంటా తీరలేదు. జుర్మానాలూ జైలూ పిల్లల మీదికే తిరుగుతున్నాయని 2006లో వాళ్ళు చట్టం మార్చి, ఆర్డరు పాటించని తల్లి చేతనో తండ్రి చేతనో నలభై నుంచి రెండు వందల గంటలదాకా జీతం లేకుండా ఊరిపని చేయించే పద్ధతి పెట్టారు. ఈ ఉపాయం నాకు నచ్చింది. పార్కు ఊడ్చినా సాయంత్రానికి ఇంటికి వస్తారు, బిడ్డకి అన్నం పెడతారు.

రెండు పనులు మాత్రం ఎవరూ చెయ్యకూడదు. చూడనివ్వటంలేదని పోషణ ఖర్చు ఆపటం ఒకటి, ఖర్చు ఇవ్వటంలేదని చూడనివ్వకపోవటం రెండోది. కోర్టు దృష్టిలో ఈ రెండూ వేర్వేరు. బియ్యం డబ్బులకీ ఆదివారానికీ ముడి పెడితే రెండు తప్పులవుతాయిగాని ఒకటి ఇంకోదాన్ని చెరపదు. బిడ్డని బడి దగ్గర్నుంచి ఎత్తుకుపోవటం మరీ ప్రమాదం. అప్పటిదాకా న్యాయం మీ వైపున్నా ఆ క్షణంతో అవతలి వైపు వెళుతుంది.

అయితే వచ్చే మనిషి తాగి వస్తున్నాడు, కొడుతున్నాడు, బిడ్డ వణికిపోతోంది అనుకోండి. అప్పుడు జ్వరం సాకులు చెప్పి ఊరుకోకుండా మనమే ముందుగా కోర్టుకి వెళ్ళాలి. 2005 గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు, తండ్రి రాక బిడ్డకి హాని అని తోస్తే ఆ రాకనే నిరాకరించవచ్చు. తలుపు మూసే అధికారం కోర్టు చేత రాయించుకున్నవాళ్ళు భయపడనక్కరలేదు, తమంతట తాము మూసినవాళ్ళే చిక్కుల్లో పడతారు.

విదేశాల్లో వున్న మన పిల్లల సంగతి ఇంకా కష్టం. ఒక దేశం నుంచి మరో దేశానికి తీసుకుపోయిన పిల్లల్ని తిరిగి పంపటానికి 1980లో హేగ్ నగరంలో ఒక ఒడంబడిక చేసుకున్నారు. మన దేశం దాంట్లో చేరలేదు. అమెరికా కోర్టు ఆర్డరు పట్టుకుని హైదరాబాదు వచ్చిన తండ్రీ, ఇక్కడి ఆర్డరు పట్టుకుని డల్లాస్ వెళ్ళిన తల్లీ ఇద్దరూ అక్కడి కోర్టు మెట్లు మళ్ళీ ఎక్కవలసిందే. అందుకని పిల్లని దేశం దాటించే ముందే పాస్‌పోర్టు గురించీ, సెలవులకి తిరిగి తీసుకురావటం గురించీ ఆర్డరులో స్పష్టంగా రాయించుకోవాలి, వీలైతే రెండు దేశాల కోర్టుల్లోనూ.

ఇక ఖర్చు. వకీలుకి ఇచ్చుకోలేమని చాలామంది ఇల్లాళ్ళు గడప దాటరు. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు వుంటుంది. ఆర్డరు నకలూ, తారీఖులు రాసుకున్న పుస్తకమూ పట్టుకుని వెళ్ళండి, వకీలుని వాళ్ళే పెడతారు.